ఒప్పుకోనివాడితో మాట

‘నేను తాగుబోతుని’ అని ఒప్పుకున్నవాడు తాగుబోతు. ‘కాదు’ అన్నవాడు మరీ ముదిరిన తాగుబోతు. 1960, 70 దశకాల్లో అమెరికాలో తాగుడు మాన్పించే కేంద్రాలు చాలావాటిలో నడిచిన తర్కం ఇది. మూడో జవాబుకు అందులో చోటు లేదు. తనకే సమస్యా లేదనడం ఆ జబ్బు లక్షణాల్లో ఒకటని, అబద్ధం, బుకాయింపు తాగేవాడి స్వభావంలోనే ఉంటాయని వృత్తిలో ఉన్నవాళ్లు గట్టిగా నమ్మేవారు. దానికి ‘డినయల్’ అని పేరు పెట్టుకున్నారు. రోగి చుట్టూ గోడ ఉందని నమ్మాక వైద్యుడికి మిగిలే పని దాన్ని బద్దలు కొట్టడమే కదా.

ఈ ధోరణికి మూలం ఎక్కడని అడిగితే చాలామంది ఆల్కహాలిక్స్ అనానిమస్ వైపు వేలు చూపిస్తారు. అది అన్యాయం. 1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన సంఘం అది. 1939లో వాళ్లు అచ్చేసిన పుస్తకంలో కొత్తవాడితో ఎలా మెలగాలో చెప్పే అధ్యాయం ఉంది. నీతులు చెప్పొద్దు, నీ కథ చెప్పుకో, అతని మీద ముద్ర నువ్వు వేయొద్దు, ఆసక్తి చూపకపోతే వెంటపడొద్దు. ఆ అధ్యాయం సారాంశం ఇంతే. కోపంగా నిలదీయమని అందులో ఎక్కడా లేదు.

నిలదీత వేరే దారుల్లో వచ్చింది. 1940ల్లో హ్యారీ టీబో అనే మనోవైద్యుడు, తాగేవాడి అహం పూర్తిగా లొంగిపోతే తప్ప మార్పు రాదని రాశాడు. బిల్ విల్సన్‌కు స్వయంగా వైద్యం చేసినవాడు కాబట్టి ఆయన మాటకు విలువ ఉండేది. లొంగిపోవడం గురించి ఆయన రాసినదాన్ని లొంగదీయడం కింద మార్చుకోవడానికి తర్వాతి తరానికి ఎక్కువకాలం పట్టలేదు. 1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ అనే మాజీ తాగుబోతు ‘సిననాన్’ అనే సంస్థ పెట్టాడు. మత్తుకు అలవాటుపడినవాళ్లంతా ఒకచోట కలిసి బతికే ఏర్పాటు అది. అక్కడి ప్రధానమైన తంతు పేరు ‘ది గేమ్’. గుండ్రంగా కూర్చుని, ఒకణ్ణి ఎంచుకుని, మిగతావాళ్లంతా కలిసి వాడి అబద్ధాలనూ చేతకానితనాన్నీ గొంతు చించుకుని కడిగేయడం. ఈ ఒరవడిలో పుట్టిన సంస్థలు కొన్నింటిలో గుండు కొట్టించడం, మెడలో అట్టలు కట్టి నిలబెట్టడం కూడా చికిత్స కిందే చెల్లిపోయాయి. సిననాన్ పోనుపోను ఒక మతంగా మారింది. 1978లో తమ మీద కేసు గెలిచిన లాయర్ పాల్ మొరాంట్జ్ ఇంటి పోస్టుడబ్బాలో ఆ సంస్థ మనుషులు రాటిల్‌స్నేక్ పామును పెట్టారు. కాటు పడింది, ఆయన బతికాడు. సంస్థ పరువు పోయింది గాని, ఆ పద్ధతి మాత్రం దేశమంతటా అప్పటికే పాకిపోయింది.

మిన్నెసోటాలో వెర్నన్ జాన్సన్ అనే క్రైస్తవ మతగురువుది ఇంకాస్త మర్యాదైన దారి. ఆయనా ఒకప్పుడు తాగినవాడే. భార్య, పిల్లలు, పై అధికారి, స్నేహితులు ముందే కూడబలుక్కుని, ఒకరోజు తాగేవాణ్ణి కూర్చోబెట్టి అతను చేసినవన్నీ ఒక్కొక్కరే చదివి వినిపించడం. 1973లో వచ్చిన ఆయన పుస్తకంతో ఈ ‘ఇంటర్వెన్షన్’ అమెరికాలో ఇంటింటి మాటైంది. ప్రేమతోనే చేయాలని ఆయన చెప్పాడు. పదిమంది చుట్టూ కూర్చుని చిట్టా విప్పినప్పుడు అందులో ప్రేమ ఎంతో, పంచాయితీ ఎంతో కుటుంబాలకే తెలియాలి.

వింత ఏమిటంటే, దీనికి విరుద్ధమైన సాక్ష్యం అప్పటికే అచ్చులో ఉంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో మోరిస్ చేఫెట్జ్ అనే వైద్యుడి బృందం 1960ల మొదట్లో ఒక చిన్న ప్రయోగం చేసింది. ఎమర్జెన్సీ వార్డుకు తాగి వచ్చేవాళ్లు చికిత్సకు పంపితే పోరని అందరూ అనేవారు. ఈ బృందం కొందరిని మర్యాదగా పలకరించి, అప్పటికప్పుడు కావలసిన సాయం చేసి, వాళ్ల వెంట ఒక మనిషి ఉండేలా చూసింది. వాళ్లలో 65 శాతం మంది మద్యం క్లినిక్‌కు వచ్చారు. మామూలు పద్ధతిలో పంపినవాళ్లలో వచ్చింది సుమారు 5 శాతం. అదే బృందం 1967లో ఇంకో అడుగు వేసింది. ఆ ఎమర్జెన్సీ డాక్టర్లు తాగుబోతు రోగుల గురించి మాట్లాడిన టేపులు తీసి, వాళ్ల గొంతులో కోపం ఎంత ఉందో కొలిపించింది. గొంతులో కోపం ఎక్కువున్న డాక్టర్లు పంపిన రోగులు క్లినిక్ గడప తొక్కడం తక్కువ. జబ్బు రోగిది, కొలిచింది డాక్టరు గొంతు! ఇంత ఆసక్తికరమైన ఫలితాన్ని వృత్తి పెద్దగా పట్టించుకోకుండా ముందుకు సాగిపోయింది.

1973 వేసవిలో విలియం మిల్లర్ అనే విద్యార్థి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో మాజీ సైనికుల ఆస్పత్రికి శిక్షణ కోసం వచ్చాడు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ చదువుతున్న అతణ్ణి మద్యం వార్డులో వేశారు. తాగుడు గురించి అతనికేమీ తెలియదు. తెలియనివాడు చేయగలిగింది వినడమే. రోగిని తీర్పు లేకుండా వినాలి, విన్నదాన్ని అర్థమైనట్టు తిరిగి చెప్పాలి అని కార్ల్ రోజర్స్ బోధించిన పద్ధతి ఒరెగాన్‌లో నేర్చుకునే వచ్చాడు. దాంతోనే వార్డులో ఒక్కొక్కరి దగ్గరా కూర్చున్నాడు. వాళ్లు తమ బతుకుల గురించి దాపరికం లేకుండా చెప్పుకున్నారు. సంతోషంగా గడిచింది. ఆ తర్వాతే అతను పుస్తకాలు తిరగేశాడు. తాగుబోతులు అబద్ధాలకోర్లు, డినయల్‌లో మునిగినవాళ్లు, మెత్తగా మాట్లాడితే లొంగరు అని అక్కడ రాసి ఉంది. తాను కలిసిన మనుషులు వీళ్లేనా అని ఆశ్చర్యపోయాడు. పుస్తకాలు ముందు చదివి వార్డుకు వెళ్లి ఉంటే ఈ చరిత్ర వేరేగా నడిచేదేమో.

డాక్టరేట్ పూర్తయ్యాక మిల్లర్ న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో చేరాడు. 1980లో అచ్చయిన ఒక అధ్యయనం అతని దారిని మలుపు తిప్పింది. నిజానికి అది వేరే విషయం తేల్చడానికి పెట్టిన అధ్యయనం. తాగుడును అదుపులో పెట్టుకునే పద్ధతిని కౌన్సెలర్ నేర్పితే మేలా, పుస్తకమిచ్చి ఇంటికి పంపితే మేలా అన్నది ప్రశ్న. సగటు చూస్తే రెండిటికీ పెద్ద తేడా లేదు. అయితే కౌన్సెలర్లు తొమ్మిదిమంది ఉన్నారు, వాళ్లలో సహానుభూతి ఎవరికెంత ఉందో పర్యవేక్షకులు వరస పెట్టారు. ఆ వరసనూ రోగుల ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కళ్లు తిరిగాయి. ఆరునెలల తర్వాత ఎవరు ఎంత తాగుతున్నారన్న తేడాలో మూడింట రెండువంతులు కౌన్సెలర్ సహానుభూతితోనే తేలిపోతోంది. ఒక కౌన్సెలర్ దగ్గర అందరూ మెరుగయ్యారు. మరొకరి దగ్గర నాలుగోవంతే. పుస్తకం పట్టుకుని ఇంటికి పోయినవాళ్లలో మెరుగైనవాళ్లు 60 శాతం. అంటే కొందరు కౌన్సెలర్ల దగ్గరికి వెళ్లడం కంటే ఇంట్లో కూర్చుని చదువుకోవడమే నయమన్నమాట. చేఫెట్జ్ బృందం గొంతులో పట్టుకున్నదే ఇక్కడ లెక్కల్లో బయటపడింది.

అయినా దీన్ని పద్ధతిగా మార్చాలన్న ఆలోచన మిల్లర్‌కు అమెరికాలో రాలేదు. 1982లో సెలవు మీద నార్వే వెళ్లి, బెర్గెన్ నగరం దగ్గర యెల్లెస్టాడ్ అనే చోట ఉన్న మద్యం క్లినిక్‌లో కొన్నాళ్లు గడిపాడు. అక్కడి యువ సైకాలజిస్టులు అతణ్ణి ఉపన్యాసాలతో వదిలిపెట్టలేదు. తమను ఇబ్బంది పెట్టే రోగుల వేషం తామే వేసి, అతన్ని కౌన్సెలర్‌గా కూర్చోబెట్టారు. రెండు మాటలు అనగానే ఆపేవారు. ఇప్పుడు ఆ ప్రశ్న ఎందుకడిగారు? ఆయన చెప్పినదాంట్లో ఆ ఒక్క ముక్కనే ఎందుకు పట్టుకున్నారు? అడగకుండా ఎందుకు ఊరుకున్నారు? అప్పటిదాకా చేతికి వచ్చింది చేసుకుపోతున్నవాడికి తన మాటల వెనక ఏ నియమాలున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. వాటిని కాగితం మీద పెట్టాడు. అచ్చు కోసం కాదు, మిత్రులు కొందరు చూసి ఏమంటారోనని. ఆ మిత్రుల్లో ఒకరైన రే హాడ్జ్‌సన్ బ్రిటన్‌లో ఒక పత్రికకు సంపాదకుడు. ‘బిహేవియరల్ సైకోథెరపీ’ అనే ఆ పత్రికలో 1983లో వ్యాసం వచ్చింది. తన పద్ధతికి ‘మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్’ అని పేరు పెట్టాడు, సమస్యగా తాగేవాళ్లతో దాన్ని ఎలా చేయాలన్నది ఆ వ్యాసం విషయం. ప్రయోగాలతో రుజువైనదేదీ అందులో లేదు, ఒక అనుభవం ఉంది, ఒక అనుమానం ఉంది.

ఆ అనుమానం పదునైనది. డినయల్ అనేది తాగేవాడి లోపల ఉండే లక్షణం కాదు, ఇద్దరు మనుషులు మాట్లాడుకునే తీరులో పుట్టే ఫలితం అన్నాడు మిల్లర్. కౌన్సెలర్ ఒక వైపు లాగితే రోగి రెండో వైపు లాగుతాడు, ఆ లాగడాన్ని చూసి కౌన్సెలర్ జబ్బు అంటాడు. తాగుబోతులందరికీ ఉమ్మడిగా ఉండే వ్యక్తిత్వం కోసం దశాబ్దాలపాటు జరిగిన పరీక్షలు అలాంటిదేదీ చూపలేకపోయాయన్న సంగతి కూడా అతని పక్షాన నిలిచింది.

ఇది గదిలో ఎలా ఉంటుందో ఒక ఊహా సంభాషణలో చూడొచ్చు. ‘నేను రోజూ తాగను సార్, మా ఆవిడే గోరంతలు కొండంతలు చేస్తోంది’ అంటాడు వచ్చినాయన. పాత పద్ధతి కౌన్సెలర్ ఊరుకోడు. ‘చూశారా, నెపం ఆవిడ మీదికి తోస్తున్నారు. మీ లివర్ రిపోర్టు ఏం చెబుతోందో చూడండి.’ వెంటనే వచ్చే జవాబు ఎవరైనా చెప్పగలరు: ‘మా నాన్న డెబ్భై ఏళ్లు వచ్చేదాకా తాగాడు, ఆయనకేమైంది?’ ఇక వాదన మొదలు. తాగడం వల్ల నష్టం లేదని నిరూపించే పని రోగిది, ఉందని నిరూపించే పని కౌన్సెలర్‌ది. మిల్లర్ దారిలో జవాబు వేరు. ‘అయితే ఇంట్లో గొడవ తప్ప, తాగుడు వల్ల మీకు ఇంకే ఇబ్బందీ లేదంటారు.’ ఇందులో ఎత్తిపొడుపు వినిపించకూడదు, అక్కడే అంతా ఉంది. చాలాసార్లు అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి, ‘అసలు లేదని కాదు... పొద్దున్నే లేవలేకపోతున్నా’ అంటాడు. ఆ ముక్కను పట్టుకుని దాని గురించే ఇంకాస్త చెప్పమనాలి. ‘అంటే నన్ను తాగుబోతునంటారా?’ అని నిలదీస్తే, ముద్ర సంగతి వదిలేయండి, దీనివల్ల మీకేమవుతోందో అదే చూద్దాం అనాలి.

దీని వెనక సైకాలజీలో అప్పటికే తెలిసిన విషయాలు రెండున్నాయి. స్వేచ్ఛ లాక్కుంటున్నారనిపిస్తే మనిషి లాక్కుంటున్నదాన్నే గట్టిగా పట్టుకుంటాడని జాక్ బ్రెమ్ 1966లో సిద్ధాంతీకరించాడు. మనిషి తన అభిప్రాయం ఏమిటో తన నోటి నుంచి వచ్చిన మాట విని కూడా తెలుసుకుంటాడని డారిల్ బెమ్ అన్నాడు. కలిపి చదివితే పాత పద్ధతిలోని నష్టం అర్థమవుతుంది. గంటసేపు తన తాగుడును సమర్థించుకున్నవాడు ఆ గదిలోంచి మునుపటికంటే గట్టి నమ్మకంతో బయటికి వస్తాడు. ఆ సాధన చేయించింది కౌన్సెలరే.

ఇదంతా మెత్తటి మాటలతో మనిషిని తిప్పుకోవడం కాదా అన్న అనుమానం న్యాయమైనదే. రోజర్స్ రోగికి దారి చూపడు. మిల్లర్ దారి చూపనట్టే ఉండి చూపిస్తాడు. ఏ మాటను పట్టుకోవాలో, దేన్ని వదిలేయాలో కౌన్సెలర్ మనసులో లెక్క ఉంటుంది. రోగిలో లేని కోరికను ఈ పద్ధతి పుట్టించలేదు, తాగాలనీ మానాలనీ రెండూ ఉన్నవాడిలో రెండోదానికి గొంతిస్తుంది అన్నది దాన్ని వాడేవాళ్ల సమాధానం. పూర్తిగా తృప్తినిచ్చే సమాధానం కాదు గాని, గుండు కొట్టించడంతో పోల్చి చూస్తే ఎటు మొగ్గాలో తేల్చుకోవడం తేలికే.

1989లో మిల్లర్ మళ్లీ సెలవు మీద, ఈసారి సిడ్నీలోని నేషనల్ డ్రగ్ అండ్ ఆల్కహాల్ రీసెర్చ్ సెంటర్‌కు వెళ్లాడు. అక్కడ స్టీఫెన్ రోల్నిక్ పరిచయమయ్యాడు. ఆ వ్యాసం రాసిన మిల్లర్ మీరేనా అని అడిగి, బ్రిటన్‌లో దాన్ని అందరూ వాడుతున్నారని, తానే నేర్పుతున్నానని, సరిగ్గా నేర్పుతున్నానో లేదో మాత్రం తెలియదని చెప్పాడు. రాసినవాడికి ఆ సంగతే తెలియదు. రోల్నిక్ దక్షిణాఫ్రికాలో పుట్టి వేల్స్‌లో స్థిరపడినవాడు. కుర్రతనంలో దక్షిణాఫ్రికాలోని మద్యం చికిత్సాకేంద్రంలో నర్సులకు సహాయకుడిగా పనిచేశాడు. అక్కడ నిలదీతే చికిత్స. గుంపులో నోరు మెదపకుండా కూర్చునే ఒక రోగి ఒకరోజు బయటికి వెళ్లి, పిల్లల కళ్లముందే భార్యను కాల్చి తనను తాను కాల్చుకున్నాడు. ఆ ఉద్యోగం వదిలేసినా ఆ సంగతి రోల్నిక్‌ను వదలలేదు. ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం 1991లో వచ్చింది. పెంచుతూ, మారుస్తూ పోగా 2023 నాటికి అది నాలుగో కూర్పు చేరింది.

రుజువులు ఆ తర్వాతే పోగుపడ్డాయి. ఒరెగాన్‌లో జెరాల్డ్ పాటర్సన్, మారియన్ ఫోర్గాచ్ అప్పటికే 1985లో చూపించిన ఒక ముచ్చట ఉంది: కుటుంబాలతో మాట్లాడే కౌన్సెలర్ కాసేపు బోధన, నిలదీత, కాసేపు మామూలు మాట, మళ్లీ నిలదీత ఇలా మారుస్తూ పోతే, అవతలివాళ్ల మొండితనం కూడా దాంతోపాటే పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. 1993లో మిల్లర్ బృందం 42 మంది తాగేవాళ్లతో అలాంటి పోలికే చేసింది. ఒకే కౌన్సెలర్లు కొందరితో నిలదీతగా, కొందరితో వినే పద్ధతిలో మాట్లాడారు. కౌన్సెలర్ ఎంత ఎక్కువ నిలదీస్తే ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నాడు.

అమెరికా ప్రభుత్వ సంస్థ సుమారు 2.7 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన ‘ప్రాజెక్ట్ మ్యాచ్’ ఫలితాలు 1997లో వచ్చాయి. 1,726 మంది మీద మూడు చికిత్సలను పోల్చారు. రెండింటికి 12 సిటింగులు, మిల్లర్ పద్ధతి నుంచి తయారైనదానికి నాలుగే. మూడూ దాదాపు సమంగా నిలిచాయి. ఎవరికి ఏ చికిత్స నప్పుతుందో తేల్చాలన్న అసలు ఆశ మాత్రం చాలావరకు నెరవేరలేదు. తేలిన కొద్ది విషయాల్లో ఒకటి చెప్పుకోదగ్గది. కోపంతో రగులుతూ వచ్చినవాళ్లు ఈ నాలుగు సిటింగుల పద్ధతిలో, మిగతా రెండింటిలో ఒకటైన, ఆలోచనా తీరును మార్చే చికిత్సలోకంటే మెరుగయ్యారు.

ఇంతటితో విజయగాథ అయిపోతే బాగుండేది. 2003లో మిల్లర్ బృందం మత్తుమందుల రోగుల మీద చేసిన ప్రయోగంలో ఈ పద్ధతి ఏ ప్రయోజనమూ చూపలేదు. కారణం వెతికింది పాల్ ఆమ్రైన్ అనే భాషా మనస్తత్వ నిపుణుడు. సిటింగుల టేపుల్లో రోగులు ‘మానేస్తాను’ అన్నట్టు మాట్లాడే మాటల బలాన్ని మొదటినుంచి చివరిదాకా కొలిచాడు. మెరుగైనవాళ్లలో ఆ బలం సిటింగు చివరికి పెరుగుతూ పోయింది. మిగతావాళ్లలో కొంతదూరం పెరిగి చివర్లో కూలిపోయింది. ఆ ప్రయోగానికి కౌన్సెలర్లు అనుసరించిన చేతిపుస్తకంలో, రోగి సిద్ధంగా ఉన్నా లేకపోయినా సిటింగు ముగిసేలోగా మార్పుకు ప్రణాళిక రాయించాలని ఉంది. సిద్ధంగా లేనివాణ్ణి తొందరపెట్టారు, అతను వెనక్కి తగ్గాడు. నిలదీతను వెళ్లగొట్టడానికి పుట్టిన పద్ధతిలోకే అది చేతిపుస్తకం రూపంలో తిరిగి వచ్చింది. 2005లో 72 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు కూడా చేతిపుస్తకం పట్టుకోకుండా చేసినచోటే ఫలితం ఎక్కువ కనబడింది.

నేర్పడంలో కూడా ఇలాంటి దెబ్బే తగిలింది. మిల్లర్ ఒక సహోద్యోగితో కలిసి 2001లో తన సొంత శిక్షణ శిబిరాన్నే పరీక్షకు పెట్టాడు. రెండు రోజులు నేర్చుకున్నవాళ్లు తమకు బాగా వచ్చేసిందని రాసిచ్చారు. వాళ్ల టేపులు విన్నప్పుడు తేడా కొద్దిగానే ఉంది. ఎదుటివాడు మాట్లాడే తీరు మార్చేంత కాదు. సొంత టేపు మీద ఇంకొకరు అభిప్రాయం చెప్పినప్పుడే నైపుణ్యం నిలుస్తుందని తర్వాతి అధ్యయనాలు చూపాయి. తన పద్ధతి పనిచేయని చోట్లను ఇంత ఓపికగా వెతికి అచ్చేసినవాళ్లు ఈ రంగంలో అరుదు.

మన దేశంలో ఈ చరిత్రకు గోవాలో ఒక ముఖ్యమైన మజిలీ ఉంది. విక్రమ్ పటేల్, అభిజిత్ నడ్కర్ణి తదితరులు ‘సంగత్’ అనే సంస్థ ద్వారా ‘ప్రీమియం’ పేరిట జరిపిన ప్రయోగంలో, హానికరంగా తాగే 377 మంది మగవాళ్లు పాల్గొన్నారు. ఫలితాలు ‘లాన్సెట్’లో వచ్చాయి. వాళ్లెవరూ తాగుడు మానాలని రాలేదు. జ్వరానికో, ఒంటినొప్పులకో ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి వచ్చి క్యూలో కూర్చుంటే, ప్రశ్నాపత్రంతో గుర్తించినవాళ్లు. ‘నాకేం సమస్య లేదు’ అనేవాళ్లకు ఇంతకంటే మంచి గుంపు దొరకదు. వాళ్లతో మాట్లాడింది డాక్టర్లు, సైకాలజిస్టులు కాదు. మానసిక వైద్యంలో ఏ చదువూ లేని స్థానికులను ఎంపిక చేసి, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పునాదిగా తయారైన పద్ధతి నేర్పారు. మనిషికి మహా అయితే నాలుగు సిటింగులు. మూడు నెలల తర్వాత హానికరమైన స్థాయి నుంచి బయటపడినవాళ్లు ఈ గుంపులో 36 శాతం, మామూలు సలహా పొందినవాళ్లలో 26 శాతం. తాగని రోజులు పెరిగాయి. ఇంకా తాగుతున్నవాళ్లు రోజుకు సగటున తాగే మోతాదులో మాత్రం రెండు గుంపులకూ తేడా కనబడలేదు. ఏడాది తర్వాత చూసినా మేలు నిలిచే ఉంది. ఆ కౌన్సెలర్లు మధ్యమధ్యలో గుంపుగా కూర్చుని, ఒకరి సిటింగు రికార్డింగును మిగతావాళ్లు విని, ఎక్కడ వినకుండా సలహా ఇచ్చేశారో చెప్పి, మార్కులు వేసుకునేవారు.